మీ అడ్రస్ నుంచే మీకు బెదిరింపు మెయిల్ వచ్చిందా? పాస్‌వర్డ్ మార్చే ముందు ఇది చూడండి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. గుంటూరులో చిన్న మిర్చి ఎగుమతి వ్యాపారం, సొంత డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేరు) మీద మెయిల్. సోమవారం పొద్దున్నే మీ అడ్రస్ నుంచే మీకొక మెయిల్ వచ్చింది. నీ కంప్యూటర్ నా చేతిలో ఉంది, కెమెరాతో వీడియో తీశాను, 48 గంటల్లో 1200 డాలర్ల బిట్‌కాయిన్ పంపకపోతే నీకు తెలిసినవాళ్లందరికీ పంపిస్తాను అని. సబ్జెక్ట్‌లో మీ పాత పాస్‌వర్డ్ కూడా ఉంది. మర్నాడు ఇద్దరు బయ్యర్లు ఫోన్ చేసి, బ్యాంకు ఖాతా మారిందంటూ మీ అడ్రస్ నుంచి మెయిల్ వచ్చింది, నిజమేనా అని అడిగారు. పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చినా ఆగలేదు, రెండు రాత్రులుగా నిద్ర లేదు అన్నారు.

పదిహేడేళ్లుగా నా పని మెయిల్ సర్వర్లు చూసుకోవడమే. అందుకని కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ నిద్ర సంగతి. పైసా పంపకండి, జవాబు కూడా రాయకండి. వాడి దగ్గర నిజంగా వీడియో ఉంటే ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు, అందులోంచి ఒక ఫొటో తీసి పెడితే చాలదా? ఈ మెయిల్ మీ ఒక్కరి కోసం రాసింది కాదు. పాత పాస్‌వర్డ్ చూపించి బిట్‌కాయిన్ అడిగే ఈ నమూనా 2018 జూలై ప్రాంతంలో ప్రపంచమంతా పాకింది, ఇప్పటికీ అవే వాక్యాలు అటూ ఇటూ మార్చి పంపుతూనే ఉన్నారు. మరి పాస్‌వర్డ్ ఎలా తెలిసింది అంటారు. మీరు ఎప్పుడో ఏదో వెబ్‌సైట్‌లో పెట్టింది, అక్కడ దొంగతనం జరిగి జాబితా బయటికి వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో 2012లో పోయిన వివరాలు 2016లో అమ్మకానికి వచ్చినప్పుడు అందులో 11 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. అలాంటి జాబితాలు చాలా ఉన్నాయి. మీ అడ్రస్ ఏయే చోరీల్లో బయటపడిందో "హ్యావ్ ఐ బీన్ పోన్డ్" అనే సైట్‌లో చూసుకోవచ్చు. ఆ పాత పాస్‌వర్డ్‌ను ఇప్పటికీ ఎక్కడైనా వాడుతుంటే, అక్కడ మాత్రం ఈ రోజే మార్చండి. మీకు నిజమైన ప్రమాదం ఏదైనా ఉంటే అది అక్కడుంది, ఆ ఉత్తరంలో లేదు.

ఇక అసలు ప్రశ్న. నా అడ్రస్ నుంచే వచ్చిందంటే నా అకౌంట్ హ్యాక్ అయినట్టే కదా? కాదు. అయి ఉండొచ్చు, కానీ ఆ ఒక్క ఆధారంతో అలా అనలేం.

పాత ఇన్‌లాండ్ లెటర్ గుర్తు తెచ్చుకోండి. వెనకవైపు పంపినవారి పేరు, చిరునామా రాయడానికి చోటు ఉంటుంది. అక్కడ మీ పేరు రాసి నేను డబ్బాలో వేస్తే పోస్టాఫీసు వాళ్లు ఆపుతారా? ఆపరు. మెయిల్ కూడా అంతే. మెయిల్ పంపే పద్ధతి ఎస్‌ఎమ్‌టీపీని 1982లో రాసినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు కొద్దిమంది, ఒకరికొకరు తెలిసినవాళ్లు. పంపేవాడు చెప్పిన పేరు నిజమా కాదా అని తనిఖీ చేసే ఏర్పాటు అందులో పెట్టలేదు. మనం ఈ రోజు వాడేది కూడా ఆ పునాది మీద కట్టిందే.

ఇందులో ఇంకో కిటుకు ఉంది, చాలామందికి తెలియనిది ఇదే. మెయిల్‌లో పంపినవారి పేరు రెండు చోట్ల ఉంటుంది. ఒకటి కవరు మీద, రెండోది లోపలి ఉత్తరం పైన. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేటప్పుడు వాడేది కవరు మీది పేరు. మీకు ఫోన్‌లో కనపడేది లోపలి ఉత్తరం మీది పేరు. మీ దగ్గరికి వచ్చేసరికి కవరు చించేసి ఉత్తరం మాత్రమే చేతికిస్తారన్నమాట. ఆ రెండు పేర్లూ ఒకటే ఉండాలన్న నియమం లేదు. మోసగాడు బతికేది ఆ సందులోనే.

అందుకని పాస్‌వర్డ్ మూడోసారి మార్చే ముందు ఆ చించిన కవరు చూద్దాం. జీమెయిల్ అయితే కంప్యూటర్‌లో తెరవండి, ఫోన్ యాప్‌లో ఇది దొరకదు. మెయిల్ కుడివైపు మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" ఎంచుకోండి. అవుట్‌లుక్ వెబ్‌లో "వ్యూ మెసేజ్ సోర్స్" అని ఉంటుంది. జీమెయిల్‌లో అయితే పైన చిన్న పట్టిక వస్తుంది, అందులో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని మూడు వరుసలు, పక్కన పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. ఇవి పంపినవాడు అసలువాడేనా అని చూసే మూడు తనిఖీలు, ఒక్కొక్కటి ఏమిటో కింద చెప్తాను. మీలాంటి కేసుల్లో నేను ఎక్కువగా చూసేది ఇలా ఉంటుంది: ఎస్‌పీఎఫ్ దగ్గర సాఫ్ట్‌ఫెయిల్ (అనుమానమే అన్నమాట), పక్కన ఎక్కడో పరాయి దేశపు ఐపీ, అంటే పంపిన కంప్యూటర్ నంబరు. డీకిమ్ వరుసే ఉండదు. డీమార్క్ కూడా ఉండదు, ఎందుకంటే మీ డొమైన్‌కు అది ఎవరూ పెట్టలేదు. కిందకి వస్తే "రిటర్న్-పాత్" దగ్గర మీకు సంబంధమే లేని అడ్రస్. అది కవరు మీది పేరు. "రిసీవ్డ్" అనే లైన్లు పోస్టాఫీసు ముద్రల్లాంటివి, కింది నుంచి పైకి చదవాలి. కానీ అడుగున ఉన్నవాటిని నమ్మకండి, వాటిని మోసగాడు ముందే కల్పించి పెట్టగలడు. మీ సొంత సర్వర్ వేసిన పై ముద్ర మాత్రం నమ్మొచ్చు. ఈ మెయిల్‌ను తనకు ఏ ఐపీ అప్పజెప్పిందో అందులో ఉంటుంది.

ఆ ఐపీ మీ మెయిల్ కంపెనీది కాకపోతే, ఆ మెయిల్ మీ అకౌంట్‌లోంచి పోలేదు, మీ పేరు మాత్రం వాడుకున్నారు. ఇల్లు దోచుకోవడం వేరు, ఇంటి పేరు చెప్పుకుని ఊళ్లో అప్పు చేయడం వేరు. మొదటిదానికి తాళం మార్చాలి, రెండోదానికి తాళం ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు. మీరు రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఆగకపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి.

అయినా లోపల కూడా ఒకసారి చూసుకోండి, పది నిమిషాల పని. జీమెయిల్‌లో పేజీ అడుగున కుడివైపు "డీటెయిల్స్" నొక్కితే ఎక్కడెక్కడి నుంచి లాగిన్ అయ్యారో వస్తుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. రెండంచెల ధ్రువీకరణ లేకపోతే పెట్టండి. ఈ ఫిల్టర్ల సంగతి మళ్లీ చెప్తాను, అది పెద్ద కథ.

ఇంకో రెండు జాగ్రత్తలు. పంపిన అడ్రస్‌ను బ్లాక్ చేయకండి, అది మీదే, లేదా మీలాంటి ఏ పాపం తెలియనివాడిదో. అలాగే మీరు పంపని మెయిల్ చేరలేదంటూ "మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్" నుంచి వందల్లో వాపసు మెయిళ్లు వస్తే కంగారు పడకండి. మోసగాడు కవరు మీద కూడా మీ పేరే రాసి, చెల్లని అడ్రస్‌లకు పంపితే, తిరుగు టపా మీ గుమ్మానికి వస్తుంది. సాధారణంగా కొద్దిరోజుల్లో అదే తగ్గుతుంది.

ఇప్పుడు మీ బయ్యర్ల సంగతి. నన్నడిగితే బిట్‌కాయిన్ ఉత్తరం కన్నా వంద రెట్లు ప్రమాదం ఇదే. ఖాతా మారిందన్న ఒక్క మెయిల్‌తో పోయే డబ్బు మామూలుగా ఉండదు. అమెరికాలో ఎఫ్‌బీఐకి 2023లో వచ్చిన ఫిర్యాదుల్లోనే ఈ తరహా వ్యాపార మెయిల్ మోసాల వల్ల పోయింది 290 కోట్ల డాలర్లు.

మీ డొమైన్ మీ చేతిలో ఉంది కాబట్టి మీరు చేయగలిగింది చాలా ఉంది. మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో, అంటే ఆ డొమైన్ వివరాలు అందరికీ కనపడేలా ఉండే పట్టికలో, మూడు రికార్డులు పెట్టాలి. ఎస్‌పీఎఫ్ అంటే నా తరఫున మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉంది అని వేసే బహిరంగ ప్రకటన. కానీ అది చూసేది కవరు మీది పేరునే. కాబట్టి మోసగాడు కవరు మీద తన సొంత డొమైన్ రాసుకుని, లోపల మీ పేరు పెడితే ఎస్‌పీఎఫ్ పాస్ అయిపోతుంది. ఎస్‌పీఎఫ్ పెట్టేశాం, ఇక భయం లేదు అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. డీకిమ్ అంటే పోయే ప్రతి మెయిల్ మీద మీ సర్వర్ వేసే సంతకం, లక్క ముద్ర లాంటిది. మధ్యలో అక్షరం మారినా ముద్ర చెడుతుంది. ఈ రెండింటినీ లోపలి ఉత్తరం మీది పేరుతో కలిపి చూసేది డీమార్క్. లోపల కనపడే డొమైన్‌తో ఈ రెండింట్లో ఒక్కటైనా సరిపోలాలి, సరిపోలకపోతే ఏం చేయాలో నేను చెప్తాను అని మీరు లోకానికి ప్రకటించడం.

మీ డొమైన్ ఎక్కడ కొన్నారో ఆ కంపెనీ ప్యానెల్‌లో ఇవన్నీ టీఎక్స్‌టీ (మామూలు అక్షరాల) రికార్డులుగా పెట్టొచ్చు. పెట్టే విలువలు మీ మెయిల్ కంపెనీ సహాయ పేజీల్లో దొరుకుతాయి. అవి కాపీ చేయడం కష్టం కాదు. తొందరపడటమే కొంప ముంచుతుంది. డీమార్క్‌ను మొదటిరోజే పీ=రిజెక్ట్ (సరిపోలనివి తిప్పికొట్టమని) పెట్టకండి. ముందు పీ=నన్ (ఏమీ ఆపకుండా గమనించమని) పెట్టి, రిపోర్టులు రావడానికి ఒక అడ్రస్ ఇవ్వండి. రోజూ పెద్ద మెయిల్ కంపెనీల నుంచి, మీ పేరుతో ఏయే ఐపీల నుంచి ఎన్ని మెయిళ్లు వచ్చాయో లెక్క వస్తుంది. మూడు నాలుగు వారాలు చూడండి. మీరు మర్చిపోయినవి అప్పుడు బయటపడతాయి. వెబ్‌సైట్‌లో ఎంక్వయిరీ ఫామ్ నింపితే వచ్చే మెయిల్ ఒక దారిన పోతుంటుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి పోయే ఇన్వాయిస్‌లు ఇంకో దారి. పండగకు అందరికీ గ్రీటింగ్స్ పంపిన సర్వీసు మరొకటి. వాటన్నిటినీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలోకి తెచ్చాక పీ=క్వారంటైన్, అంటే స్పామ్‌లోకి తోసేయమని. అది సజావుగా నడిస్తే పీ=రిజెక్ట్. అప్పుడు మీ డొమైన్ పేరు యథాతథంగా వేసుకుని వచ్చే దొంగ మెయిల్‌ను జీమెయిల్ లాంటి సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపుతాయి. నెలల తరబడి పీ=నన్ దగ్గరే వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. అది కెమెరా పెట్టి తలుపు తీసి ఉంచడం. రిజెక్ట్ దాకా వెళ్లండి.

ఎస్‌పీఎఫ్‌లో మామూలుగా చేసే తప్పులు రెండు. ఒక డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టడం, అప్పుడు రెండూ చెల్లవు, ఒకే దాంట్లో కలపాలి. రెండోది, పది డీఎన్‌ఎస్ లుకప్‌లు (ఆ రికార్డు చదవడానికి డీఎన్‌ఎస్‌లో మళ్లీ మళ్లీ వెతకడం) దాటడం. దాటితే అది ఎర్రర్ కిందే లెక్క. ఇంకో మాట, మీకు మెయిల్ వాడని డొమైన్లు కూడా ఉంటే, ఉదాహరణకు డాట్ ఇన్ ఒకటి ఊరికే కొని పెట్టుకుని ఉంటే, వాటికి ఎస్‌పీఎఫ్‌లో -ఆల్ (పంపే హక్కు ఎవరికీ లేదని) మాత్రమే ఉంచి, డీమార్క్ రిజెక్ట్ పెట్టేయండి. ఖాళీ స్థలానికి కంచె అన్నమాట. ఇవేవీ పెట్టకపోతే ఏమవుతుందని అడుగుతారేమో. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ తమకు మెయిల్ పంపేవాళ్లందరికీ కనీసం ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలన్నాయి. పెద్ద సంఖ్యలో, జీమెయిల్ లెక్కలో రోజుకు 5000 దాకా, పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. కాబట్టి ఇవి పెట్టకపోతే రేపు మీ అసలు మెయిళ్లే స్పామ్‌లో పడతాయి.

ఇంత చేసినా ఆగనిది ఒకటుంది. అది చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు.

ఒంగోలు వైపు ఒక గ్రానైట్ యూనిట్‌వాళ్లు ఇటలీ నుంచి పాలిషింగ్ మెషీన్ తెప్పించుకుంటున్నారు. రెండు నెలలుగా మెయిళ్లు నడుస్తున్నాయి. అడ్వాన్స్ టీటీ (బ్యాంకు ద్వారా విదేశానికి డబ్బు పంపడం) చేయాల్సిన వారంలో అదే మెయిల్ వరుసలో, పాత సంభాషణ అంతా కింద అలాగే ఉండగా, జవాబు వచ్చింది. ఆడిటింగ్ వల్ల మా ఖాతా తాత్కాలికంగా మారింది, సవరించిన ప్రొఫార్మా బిల్లు జతచేశాం అని. పీడీఎఫ్ అచ్చుగుద్దినట్టు అదే. లోగో అదే, సంతకం అదే, మెషీన్ మోడల్ నంబరు అదే. బ్యాంకు వివరాల పెట్టె ఒక్కటే వేరు. అకౌంట్స్ చూసే అమ్మాయి గమనించింది కూడా, "సార్, కంపెనీ ఇటలీది, ఖాతా వేరే దేశంలో ఉంది" అని అడిగింది. మెషీన్ ఆలస్యమవుతుందన్న టెన్షన్‌లో ఓనరు గారు కట్టేయమన్నారు. తొమ్మిది రోజుల తర్వాత అసలు కంపెనీ నుంచి అడ్వాన్స్ ఇంకా రాలేదని మెయిల్ వచ్చింది.

నన్ను పిలిచింది అప్పుడు. ఆ దొంగ మెయిల్ హెడర్, అంటే ఇందాకటి "షో ఒరిజినల్" వివరాలు, తీస్తే ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్, డీమార్క్ పాస్. మూడూ పచ్చగా ఉన్నాయి. ఎందుకంటే ఆ డొమైన్ మోసగాడి సొంతం. కంపెనీ పేరులో ఇంగ్లిష్ "ఎమ్" ఉన్న చోట "ఆర్", "ఎన్" పక్కపక్కన పెట్టి కొన్నాడు. ఫోన్ స్క్రీన్ మీద చూస్తే నాక్కూడా తేడా కనపడలేదు, అక్షరాలు పెద్దవి చేసి చూశాకే తెలిసింది. పాస్ అంటే మంచివాడని కాదు, ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే. ఏ డొమైన్‌కు పాస్ ఇచ్చిందో అక్షరం అక్షరం చదవాలి.

మరి మధ్యలో వాళ్ల సంభాషణ ఎలా దొరికింది? ఓనరు గారి మెయిల్ సెట్టింగ్స్‌లో ఒక ఫిల్టర్ ఉంది. "ఇన్వాయిస్" అనో "పేమెంట్" అనో ఉన్న ప్రతి మెయిల్ బయట అడ్రస్‌కు ఒక కాపీ పోవాలి అని. దాన్ని ఎవరు పెట్టారో వాళ్లకు తెలియదు. పాస్‌వర్డ్ ఎప్పుడో దొరికించుకుని, లోపలికి వచ్చి, ఆ ఒక్క ఫిల్టర్ పెట్టి వెళ్లిపోయాడు. తర్వాత పాస్‌వర్డ్ మార్చినా ఫిల్టర్ పని చేస్తూనే ఉంటుంది. ఇందాక ఫిల్టర్లు చూడమన్నది ఇందుకే. మీ బయ్యర్లకు వెళ్లిన మెయిల్‌లో మీకూ వాళ్లకూ మాత్రమే తెలిసిన ఆర్డరు నంబరు, టన్నుల లెక్క లాంటివి ఉన్నాయేమో అడగండి. ఉంటే మాత్రం పేరు వాడుకున్న కేసు కాదు. మీ మెయిల్‌బాక్స్‌లోనో వాళ్లదాంట్లోనో ఎవరో కూర్చున్నట్టే. అప్పుడు రెండు వైపులా పాస్‌వర్డ్‌లు, ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, పాత లాగిన్‌లు అన్నీ శుభ్రం చేయాలి.

బయ్యర్ల దగ్గరున్న ఆ మెయిల్‌లో "రిప్లై-టూ" కూడా చూడమనండి. పైన మీ అడ్రస్సే కనపడినా, రిప్లై కొడితే వేరే అడ్రస్‌కు పోయేలా పెడతారు. ఇంకా తేలికైన రకం ఒకటుంది. మీ అడ్రస్ జోలికి పోకుండా పేరు మాత్రమే మీది పెట్టుకుని ఏదో ఉచిత మెయిల్ నుంచి పంపడం. ఫోన్ యాప్‌లలో పేరే కనపడుతుంది, అడ్రస్ చూడాలంటే పేరు మీద నొక్కాలి. దీన్ని కూడా డీమార్క్ ఆపలేదు.

ఇన్‌కమ్ ట్యాక్స్ పేరుతో వచ్చే మెయిళ్ల గురించి కూడా చివర్లో అడిగారు. 2019 అక్టోబరు 1 నుంచి ఆ శాఖ ఇచ్చే నోటీసుల మీద డీఐఎన్ అనే పత్రం గుర్తింపు నంబరు ఉంటుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్‌లో లాగిన్ కాకుండానే, నోటీసు అసలుదా కాదా అని ఆ నంబరుతో చూసుకోవచ్చు. మెయిల్‌లోని లింకు నొక్కకుండా పోర్టల్ పేరు మీరే టైప్ చేసి వెళ్లండి. బ్యాంకుల విషయంలో రిజర్వ్ బ్యాంకు తెచ్చిన మార్పు కూడా గమనించండి, మన బ్యాంకుల సైట్లు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ప్రత్యేక డొమైన్‌కు మారాయి. ఆ డొమైన్ బయటివాళ్లు కొనలేరు.

ఫిర్యాదు సంగతి. డబ్బు పోయి ఉంటే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, అదే గంటలో బ్యాంకుకి. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఆ తర్వాత. విదేశాలకు టీటీ అయి ఉంటే, స్విఫ్ట్ రీకాల్ సందేశం (పంపిన డబ్బు వెనక్కి ఇమ్మని అవతలి బ్యాంకును అడిగేది) పంపమని మీ బ్యాంకును లిఖితంగా అడగండి, నోటిమాట సరిపోదు. మీ బయ్యర్లలో అమెరికావాళ్లు ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే, వాళ్ల బ్యాంకుకి చెప్పి, ఎఫ్‌బీఐ వాళ్ల సైబర్ ఫిర్యాదుల సైట్ ఐసీ3లో వెంటనే ఫిర్యాదు చేయమనండి. రోజులు గడిచేకొద్దీ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది. ఒంగోలువాళ్లకు ఆ తొమ్మిది రోజులే శాపమయ్యాయి, డబ్బు తిరిగి రాలేదు. డబ్బు పోకపోయినా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. మీ పేరుతో మోసం చేయడం ఐటీ చట్టం 66సీ, 66డీ కింద నేరం. రేపు ఏ బయ్యరైనా మీ మీద వేలెత్తితే మీరు ముందే చెప్పినట్టు కాగితం ఉంటుంది. ఆ మెయిళ్లు డిలీట్ చేయకండి. ఫార్వర్డ్ చేస్తే హెడర్లు పోతాయి, అందుకని "డౌన్‌లోడ్ ఒరిజినల్" నొక్కి ఫైలుగా దాచండి.

డీఎన్‌ఎస్ పని రేపు చేయొచ్చు. ఈ రాత్రి మాత్రం మీ బయ్యర్లందరికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. మెయిల్ కాదు, ఫోన్. మా ఖాతా మారలేదు, ఎప్పుడైనా మారినా మెయిల్‌లో చెప్పం, నేనే ఫోన్ చేసి చెప్తాను, మీరు కూడా కట్టే ముందు నాకొకసారి ఫోన్ చేయండి అని. ఫోన్ నంబరు ఏ మెయిల్ అడుగునో ఉన్నది చూసి చేయకండి, దొంగ మెయిల్‌లో నంబరు కూడా దొంగదే ఉంటుంది. మొదటి లోడు పంపినప్పటి పాత ఫైలు తీయండి, అందులో ఉన్న నంబరుకు చేయండి.